సిర్మో కొడుక్కి పెట్టిన పేరు

పొలిక్రోనిస్ అంటే చాలా ఏళ్లు అని అర్థం. పిండోస్ కొండల్లో ఆ పేరు ఎవరూ ముచ్చటపడి పెట్టుకోరు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, ఇక ఏ దారీ తోచక పెడతారు. మొదటి మగపిల్లవాడికి తాత పేరు పెట్టడం అక్కడ తిరుగులేని ఆచారం. తాతని కాదని ఈ పేరు పెట్టారంటే, ఆ ఇంటివాళ్లు శ్మశానంలో ఎన్ని చిన్న గుంటలు తవ్వించారో అడగక్కర్లేదు.

కంచరగాడిదలు తోలుకునే క్రోనిస్ అలా బతికి బట్టకట్టినవాడే. పేరు పూర్తిగా పలికే ఓపిక ఎవరికుంది, అందరికీ క్రోనిస్ అయ్యాడు. అతనికి ముందు ఐదుగురు పోయారు. ఆరోవాణ్ణి నాయనమ్మ తెల్లవారుతూనే తీసుకెళ్లి, మూడు దార్లు కలిసేచోట పొత్తిళ్లలో పడుకోబెట్టి, పొద చాటున కూర్చుంది. ముందుగా ఎవరు వచ్చి ఎత్తుకుంటే వాళ్లే బాప్తిస్మంలో బిడ్డని పట్టే జ్ఞానతండ్రి, వాళ్లు పెట్టిందే పేరు. పాదిరి రోజూ అటుగా వెళ్తాడు కాబట్టి ఆయనే వస్తాడని ముసలామె ధీమా. తీరా వచ్చింది గిన్నెలకి కళాయి పూసే జిప్సీ, మసి చేతులతో, గాడిదతో. ముసలామె మొహం మాడిపోయింది. అయినా ఆచారం ముందు నోరెత్తలేదు. కళాయివాడు పసివాణ్ణి ఎత్తుకుని, "తాత పేరెందుకు, ముందు ఆయుష్షు ఉండనీండి" అన్నాడట. అలా పొలిక్రోనిస్ అయ్యాడు.

ఆ పేరు నిజంగానే పట్టుకుంది. విషజ్వరం ఊళ్లో సగంమందిని ఊడ్చేసిన ఏడు అతను మూలిగి మూలిగి లేచాడు. మంచు చరియ కింద ఒకరాత్రీ ఒకపగలూ ఉండి బతికొచ్చాడు. చెక్క వంతెన విరిగి, మూటలతో సహా మూడు కంచరగాడిదలు ఏట్లో కొట్టుకుపోతే, అతను మాత్రం వేరు పట్టుకుని ఒడ్డెక్కాడు. మొండిప్రాణం అనేవాళ్లు. అతనికీ లాంబ్రోకీ పెళ్లయింది కానీ పిల్లలు కలగలేదు. ఆయుష్షు ఇచ్చిన దేవుడు అక్కడితో చెయ్యి కడుక్కున్నాడని లాంబ్రో దెప్పేది.

వంతెన విరిగిన ఏడే, ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ఒక తల్లి అతని గుమ్మంలోకి వచ్చింది. పుట్టినవాడికి జ్ఞానతండ్రిగా ఉండి, నీ పేరే పెట్టమంది. అడిగినవాళ్లని కాదనడం ఆ కొండల్లో పాపం. పెట్టాడు, పిల్లవాడు నిలిచాడు. ఆ తర్వాత ఇంకొకరు, మరొకరు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఊళ్లో తొమ్మిదిమంది పొలిక్రోనిస్‌లు. ఒకే జ్ఞానతండ్రి చేతి పిల్లలు తోబుట్టువులే కాబట్టి వాళ్లలో వాళ్లకి పెళ్లిళ్లు కుదరవు. అందుకని అతను ఆడపిల్లలకి జ్ఞానతండ్రిగా ఉండేవాడు కాదు, మగపిల్లలకే. బళ్లో మాస్టారు ఆ పేరు పిలిస్తే అరడజను మంది లేచేవాళ్లు. బొద్దు క్రోనిస్, మెల్ల క్రోనిస్, మిల్లువాళ్ల క్రోనిస్ అని తగిలించి పిలుచుకోవాల్సి వచ్చింది.

"ఏం క్రోనిస్, నువ్వు ఒక్కణ్ణయినా కనలేదుగానీ ఊరంతా నీ పిల్లలేనే," అని కాఫీ కొట్టు దగ్గర ఏడిపించేవాళ్లు.

"మీకు చేతకాకనే కదా నా దగ్గరికొచ్చింది," అనేవాడు.

ఈస్టరు వచ్చిందంటే, జ్ఞానతండ్రి ఇవ్వాల్సిన కానుకలుగా, పట్నం నుంచి తొమ్మిది కొవ్వొత్తులు, తొమ్మిది జతల బూట్లు కంచరగాడిద మీద దిగేవి. సంపాదించినదంతా వాటికే పోసేవాడు. అతని జీవితంలో సంతోషం అంటే అదే, ఇంకేం లేదు.

ఆ తొమ్మిదిమందిలో ఆరోవాడు సిర్మో కొడుకు. సిర్మోకి అంతకుముందు నలుగురు పుట్టి పోయారు, నలుగురూ నలభై రోజుల లోపే. ఐదోవాణ్ణి కన్నాక ఆమె పడుకోవడం మానేసింది. చంటివాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేది. క్రోనిస్ పేరు పెట్టిన రోజు సాయంత్రం నిద్రపోయిందట. ఆ తర్వాత ఎలెంకో అనే కూతురు కూడా పుట్టి నిలిచింది. కొడుకు పొడుగ్గా, నలుగురిలో సిగ్గుపడేవాడుగా పెరిగాడు. క్రోనిస్‌కి తొమ్మిదిమందిలో వాడంటే కాస్త ఎక్కువ ఇష్టం. పైకి అనేవాడు కాదు.

సరిహద్దు అవతల అల్బేనియాలో ఇటలీతో యుద్ధం వచ్చింది. వయసొచ్చిన ఆరుగురినీ పిలిచారు. వాళ్లతోపాటు క్రోనిస్ కంచరగాడిదల్నీ సైన్యం తోలుకుపోయింది. అప్పటినుంచి అతను ఊరి టపా సంచి భుజాన వేసుకుని కాలినడకన కొండ దిగి, కొండ ఎక్కేవాడు. అరవై దాటినవాడు. ఇంకెవరున్నారు ఆ పనికి?

ఆ చలికాలంలో సంచిలోంచి కాగితాలు వచ్చాయి. ఆరుగురిలో నలుగురు పోయారని. ఐదోవాడు మంచుకి రెండు పాదాలూ కుళ్లి, కోయించుకుని వచ్చాడు. మిల్లువాళ్ల క్రోనిస్ ఒక్కడే నిండు మనిషిగా తిరిగొచ్చాడు. నాలుగు గుమ్మాలకీ కాగితం పట్టుకెళ్లింది టపా మోసేవాడే, పేరు పెట్టినవాడూ వాడే. సిర్మో గుమ్మంలో నిలబడి కాగితం చాపాడు. ఆమెకి చదువు రాదు. కాగితం కేసి చూడలేదు, అతని మొహం కేసి చూసింది. తలుపు వేసేసుకుంది.

ఊరు ఊరుకుంటుందా? "పిల్లల ఏళ్లన్నీ వాడొక్కడే బతికేస్తున్నాడు" అన్నారు. బావి దగ్గర ఆడవాళ్లు అతను వస్తే కుండలు ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. క్రోనిస్ కూడా అదే అనుకుంటున్నాడు. ఈస్టరు నాడు గుడికి వెళ్లలేదు. "ఈ దిక్కుమాలిన పేరు నాతోనే మట్టిలోకి పోవాలి, ఇక ఎవరి నెత్తినా రుద్దను," అని లాంబ్రో ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ పైన కరువు. ఊరిని ఆక్రమించిన ఇటలీ సైనికులు మొక్కజొన్నలూ మేకలూ పట్టుకుపోయారు. జనం అడవి ఆకులు ఉడకబెట్టుకుని తిన్నారు. ఏడాదిన్నర సిర్మో అతనితో మాట్లాడలేదు. ఒకనాడు మధ్యాహ్నం నల్లబట్టల్లో వచ్చి అతని అరుగు మీద కూర్చుంది.

"ఎలెంకోకి మగపిల్లాడు. విన్నావా?"

"విన్నాను."

"దానికి ముందు ఇద్దరు పోయారు. ఈ రక్కసుడికి నెల దాటింది, పాలు సరిగ్గా పట్టట్లేదు." బాప్తిస్మం అయ్యేదాకా మగబిడ్డని అక్కడ రక్కసుడనే అంటారు. "వచ్చే ఆదివారం నీళ్లు పోయిస్తున్నాం. నువ్వు చెయ్యాలి, కుంబారె."

కుంబారె అని ఆమె పిలిచి ఏడాదిన్నర అయింది. బిడ్డ జ్ఞానతండ్రిని తల్లి పిలిచే పిలుపు అది.

"వేరేవాళ్లని చూసుకో సిర్మో. పాదిరి థిమియోస్ వాళ్ల తమ్ముణ్ణి అడుగు. మంచివాడు. మీ వియ్యంకుడి పేరు పెడతాడు."

"వియ్యంకుడే వద్దన్నాడు. నీ పేరే కావాలి."

"నా పేరు పెట్టి పెట్టే కదా నలుగుర్ని చంపాను! నీకు ఇంకా బుద్ధి రాలేదా? చాలా ఏళ్లు అని చెప్పి నీకు అబద్ధం చెప్పాను. వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు."

సిర్మో తలగుడ్డ కొసతో మోకాలి మీద లేని దుమ్ము తుడుచుకుంది.

"నిన్ను తిట్టుకోలేదనను. రోజూ తిట్టుకున్నాను. ఒకరోజు కూర్చుని ఆలోచించుకున్నాను. నాకు ముందు పుట్టిన నలుగురూ ఎన్నాళ్లు బతికారు? అందరివీ కలిపినా వంద రోజులు ఉండవు. ఒక్కడూ నన్ను అమ్మా అని పిలవలేదు, కుంబారె. పిలిచే వయసు రానేలేదు. వీడు ఇరవై ఒక్క ఏళ్లు పిలిచాడు. విసుక్కుంటూ పిలిచాడు, అన్నం పెట్టమని పిలిచాడు, దొడ్లోంచి పిలిచాడు, వెళ్లేరోజు దారి మలుపులోంచి కూడా పిలిచాడు. నాకు అవి చాలా ఏళ్లే."

క్రోనిస్ తల వంచుకున్నాడు.

"ఎలెంకోకి ఒక్కసారీ ఆ పిలుపు దక్కలేదు. దాని బిడ్డకి నూరేళ్లు ఇమ్మని అడగట్లేదు. పిలిచేదాకా ఇవ్వు. తర్వాత యుద్ధమో, కరువో, దేవుడో, వాళ్ల పాపం వాళ్లది. నీది కాదు."

లోపల్నుంచి లాంబ్రో గట్టిగా ఏడవడం వినిపించింది. సిర్మో లేచి వెళ్లిపోయింది.

ఆదివారం గుళ్లో గంగాళం నిండా గోరువెచ్చని నీళ్లు. ఆచారం ప్రకారం ఎలెంకో ఇంటి దగ్గరే ఉండిపోయింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి పేరు చెబితేనే తల్లికి తెలియాలి. గుళ్లో మిగతా ఆడవాళ్లంతా ఉన్నారు. కొడుకులు పోయిన నలుగురూ కూడా ఒక గోడ వారగా నిలబడ్డారు, సిర్మోతో సహా. క్రోనిస్ చేతుల్లో పిల్లవాడు బొత్తిగా బరువు లేడు. నూనె రాసిన ఒళ్లు జారిపోతోంది. ఏడవడానికి కూడా ఓపిక లేక వాడు మూలుగుతున్నాడు.

"పేరు?" అన్నాడు పాదిరి థిమియోస్.

క్రోనిస్ గోడ వారనున్న తల్లుల కేసి చూశాడు.

"పేరు చెప్పు క్రోనిస్. నీళ్లు చల్లారిపోతున్నాయి."

"పొలిక్రోనిస్," అన్నాడు. అతని గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే గోడవారనున్న నలుగురు తల్లులూ, పోయిన తమ కొడుకుల్నే ఎవరో పిలిచినట్టు, ఒక్కసారిగా ద్వారం వైపు తిరిగి చూశారు.

అక్కడ ఎవరూ లేరు. ఒకామె నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. సిర్మో ఇటు తిరిగి, పిల్లవాణ్ణి అందుకోవడానికి తువ్వాలు పరిచి పట్టుకుంది.