పట్టు పరిచిన వెనక సీటు

మా ఇంట్లో కారు నడిపేది నేను, నన్ను నడిపించేది మా ఆయన. ఆయనకు లైసెన్సు ఉంది, స్టీరింగ్ ముట్టుకునే ధైర్యం లేదు. ఎడమ సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ, దారి పొడుగునా సలహాలిస్తూ వస్తారు. ఆయన కాలి కింద మ్యాట్ అరిగిపోయింది. నా కాలి కిందది ఇంకా కొత్తదానిలాగే ఉంది.

ఇల్లు వనస్థలిపురంలో. నేను లెక్కలు చెప్పే కోచింగ్ సెంటరు దిల్‌సుఖ్‌నగర్‌లో, దాని పక్క సందులోనే ఆయన చీరల కొట్టు. మధ్యలో ఎల్బీనగర్ ఉంది కాబట్టి మాకు మాట్లాడుకోవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. ఆ తీరికంతా పెట్రోలు లెక్కలకే పోతుంది. ట్యాంకు నిండా కొట్టిస్తే బండి బరువెక్కి మైలేజీ పడిపోతుందని ఆయన నమ్మకం. అందుకని ఎప్పుడూ కొంచెం కొంచెంగా కొట్టిస్తారు. ఆ కొంచేనికీ, బంకులో అమ్మాయి "జీరో చూస్కోండి సార్" అనగానే దిగిపోయి, గుళ్ళో హారతికి నిలబడ్డట్టు మీటరు ముందు నిలబడతారు.

ఫ్లైఓవర్ దిగేటప్పుడు "న్యూట్రల్ చెయ్యి, అదే పోతది" అంటారు. అదే పోతుంది, నిజమే. ఎక్కడికి పోతుందన్నదే నా భయం. సిగ్నల్ దగ్గర "జర ఏసీ బంద్ చేసి అద్దం దించు, గాలి ఊకెనే వస్తది గద" అంటారు. ముందున్న బస్సు పొగ కూడా ఊకెనే వస్తుంది.

నా అభిప్రాయాలు నాకున్నాయి. ఈ దారిలో పెట్రోలు బండి కదలడానికి ఖర్చు కాదు, ఆగడానికి ఖర్చవుతుంది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్టు వెళ్ళిపోతే ట్రాఫిక్ తగ్గుతుందన్నారు. మామిడికాయల లారీలు వెళ్ళిపోయాయి, ఆ ఖాళీలోకి మేమందరం కార్లేసుకుని వచ్చేశాం. పెద్ద కార్లంటే నాకు ఒళ్ళు మంట. మా సందులో ఒకాయన లారీకి తమ్ముడిలాంటి కారు కొని దాంట్లో తోటకూరకు వెళ్తాడు. ఆయన రివర్స్ చేసినప్పుడల్లా వీధి వీధంతా బయటికొచ్చి "రానీ, రానీ, బస్ బస్" అనాలి. ఇక యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో వచ్చేవాళ్ళ సంగతి ఎత్తితే నా బీపీ నా చేతుల్లో ఉండదు. తప్పుదారిలో వస్తూ మళ్ళీ మనకే లైటు కొడతారు, పక్కకు తప్పుకోమని. హెల్మెట్ మాత్రం మోచేతికి తగిలించి ఉంటుంది. ఈ ఊళ్ళో మోచేతులకున్న భద్రత తలకాయలకు లేదు.

ఇంత నోరున్నదాన్ని, నా సొంత కారు వెనక సీటు విషయంలో మాత్రం నోరు మూసుకుని కూర్చున్నాను.

మా అత్తగారిది పోచంపల్లి దగ్గర పల్లె. మామగారు నేత పని చేసేవారు. ఆయన పోయాక మగ్గం తీసేశారు గానీ, ఆయన చివరిగా నేసిన ఎర్ర ఇక్కత్ పట్టు బట్ట అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకున్నారు. మేము కారు కొన్న రోజున, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొట్టగానే, అత్తయ్య ఆ బట్ట తెచ్చి వెనక సీటు మీద పరిచారు. "మీ నాయన కారెక్కలే. ఆయన బట్టన్న ఎక్కనీ" అన్నారు. అందరం కళ్ళు తుడుచుకున్నాం. మర్నాడే మా ఆయన సోఫా కవర్లు కుట్టే టైలరును పిలిపించి, ఆ బట్టను సీటుకు బిగుతుగా కుట్టించేశారు. తీరా చూస్తే బెల్టు తగిలించుకునే కొక్కేలన్నీ బట్ట కిందికి పోయాయి.

తలుపుల పక్కన బెల్టు పట్టీలు మాత్రం మిగిలాయి. అత్తయ్య వాటిలో ఒకదాన్ని సిటీ బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంటారు. పట్టు నున్నగా ఉంటుంది కదా, నేను మలుపు తిప్పితే ఆవిడ ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా వెళ్ళొస్తారు. "నడుం కాడ ఏందో గుచ్చుతున్నది బిడ్డా" అని ఒకసారి అంటే మా ఆయన దిండు తెచ్చి వేశారు. గుచ్చేది కొక్కెమే.

"కొక్కెం బయటికొచ్చేంత చిల్లు పెడదామండీ" అని నేను చాలాసార్లు పోరాను. "నాయన ఆఖరి బట్టకు కత్తెర పెడ్తవా? అమ్మ తట్టుకుంటదా?" అనేవారు. పోనీ నేరుగా అత్తయ్యనే అడుగుదామంటే నాకు ధైర్యం చాలేది కాదు. నాది భీమవరం వైపు. ఆంధ్రా కోడలు వచ్చి మామ నేసిన బట్ట కోసేసిందని ఆ పల్లెలో తరతరాలు చెప్పుకుంటారు. అలాగని ఆవిడ వెనకున్నప్పుడు నా మనసు మనసులో ఉండేది కాదు. గట్టిగా బ్రేకు వేయాల్సి వస్తే ఆవిడేమైపోతారో అని ఎడ్లబండిలా నడిపేదాన్ని. వెనకవాళ్ళు హారన్లతో తిట్టిపోసేవారు.

ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపడుచు ఇంటికి బయల్దేరాం. అత్తయ్య ఒళ్ళో గిన్నెడు పచ్చిపులుసు. మూత గట్టిదేనన్నారు. ఎల్బీనగర్ దాటుతుండగా రాంగ్ రూట్లో ఒక బైకు సూటిగా నా మీదికే వచ్చింది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. పక్కనుంచి మా ఆయన కూడా ఆయన బ్రేకు తొక్కారు. కారు ఆగింది, బైకు ఆగింది, పచ్చిపులుసు ఆగలేదు. మా ఆయన నెత్తి మీదుగా కాలరులోకి దిగింది, ఉల్లిపాయ ముక్కలతో సహా. బైకాయన "చూస్కొని నడపాలె గద మేడం" అని నాకు బుద్ధి చెప్పి, తన తప్పుదారిన తాను వెళ్ళిపోయాడు.

మా ఆయన చెవి వెనక కొత్తిమీర చూసి నాకు నవ్వు కూడా వచ్చింది. నవ్వుతూనే వెనక్కి తిరిగాను. సీటు ఖాళీ.

అత్తయ్య సీట్ల మధ్య సందులో ముడుచుకుని పడి ఉన్నారు. "అత్తయ్యా!" అని అరిచాను. పలకలేదు. మా ఆయన "అమ్మా, అమ్మా" అంటూ కంగారులో తన బెల్టు తీయడం రాక దాంతో కుస్తీ పడుతున్నారు. అప్పుడు కింద నుంచి గొంతు వినిపించింది.

"గిన్నె సొట్ట పోయిందా బిడ్డా?"

ఇద్దరం చెరో రెక్కా పట్టి బయటికి తీశాం. రోడ్డు పక్కన బొప్పాయి ముక్కలమ్మే ఆయన తన స్టూలు మీద కూర్చోబెట్టి, గుడ్డలో ఐసు చుట్టి ఇచ్చాడు. నుదుటి మీద ఉసిరికాయంత వాపు వచ్చింది. ఇంకొంచెం వేగంగా పోయుంటే ఏమయ్యేదోనని నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మాత్రం ఐసు అద్దుకుంటూ ఏదో లెక్క తేలనట్టు మమ్మల్నే చూస్తున్నారు.

"మీరు ముందలనే ఉన్నరు గద. మీరెందుకు జారలే?"

"మాకు బెల్టు ఉంది అత్తయ్యా."

"మరి నాకెందుకు పెట్టలే కంపినోళ్ళు?"

మా ఆయన మెడ మీది చింతపండు రసం చాలా శ్రద్ధగా తుడుచుకుంటున్నారు. ఇక నావల్ల కాలేదు. "మీకూ పెట్టారు అత్తయ్యా. మీరు ఎప్పుడూ పట్టుకునే పట్టీ అదే. తగిలించే కొక్కెం బట్ట కింద ఉండిపోయింది."

"పట్టుకోనికి ఇచ్చిన్రనుకున్న" అన్నారు మెల్లగా. "నడుముకు గుచ్చేది గదేనా?"

"అదే."

ఆవిడ లేచి బొప్పాయి బండి వైపు చెయ్యి చాపారు. "అయ్యా, జర గా కత్తి ఇయ్యి."

మా ఆయన అడ్డం వచ్చారు. "అమ్మా, నాయన బట్టనే! బొప్పాయి కత్తితోని కోస్తవా?"

"మీ నాయన నేసిన బట్టంత కోసుడుకే నేసిండురా. మగ్గం మీదికెల్లి కోస్తెనే బజారుకు పోయేది. పోతెనే మనకు బువ్వ."

"కోస్తే నువ్వు బాధపడ్తవని..."

"నన్ను అడిగినవా?"

ఆయన పక్కకు తప్పుకున్నారు. నేనూ అడగలేదు కాబట్టి నేనూ తప్పుకున్నాను. అత్తయ్య కత్తిని కొంగుతో తుడిచి, కారెక్కి, బట్ట మీద అరచేత్తో తడిమి కొక్కెం పట్టుకున్నారు. పర్రున చింపేస్తారనుకున్నాను. పోగు వెంటే కత్తి పోనిచ్చి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా కోశారు. కొక్కెం బయటికొచ్చింది. సాయం చేయబోతే నా చెయ్యి పక్కకు నెట్టి, బెల్టు తనే తగిలించుకుని, గట్టిదో కాదో గుంజి చూసుకున్నారు.

కారు తీశాను. కొంతదూరం పోయాక మా ఆయన తల వెనక్కి తిప్పి, భద్రమేనా అన్నట్టు బెల్టు వైపు చూసి అడిగారు.

"ఇప్పుడు పైలమేనా అమ్మా?"

"బట్టను మస్తు పైలంగ చూస్కున్నరు బిడ్డా మీరిద్దరు" అన్నారు అత్తయ్య.

ఆయన తల దించుకున్నారు. నేను బండి నడుపుతున్నాను కాబట్టి నాకు ఆ వీలు కూడా లేకపోయింది.