తప్పంతా నేలదే

దొరస్వామికి మనుషులను తిట్టడం రాదు. ఎవరు పడినా ఆయన నేలనే తిడతాడు.

తిరుపతిలో రేకుల కప్పు కింద ఉన్న ఆ పాత స్కేటింగ్ రింకుకు కాపలా కాసేదీ, ఊడ్చేదీ, చక్రాలకు నూనె పెట్టేదీ ఆయనే. పిల్లవాడు ధబ్బున పడితే చాలు, విరిగిన హాకీ కర్ర పట్టుకుని పరుగున వస్తాడు. పిల్లవాడి వంక చూడడు. కర్రతో నేలను రెండు వాయించి, "కండ్లు నెత్తికెక్కినాయా మే నీకు? బిడ్డొస్తా ఉంటే పక్కకి జరగలేవా? నిన్ను తవ్వి పారేస్తే గానీ బుద్ధి రాదు" అని మొదలుపెడతాడు. ఏడవబోయిన పిల్లవాడు ఏడుపు మరిచి నోరు తెరుచుకుని చూస్తాడు.

చెప్పులతో లోపలికి వచ్చినవాణ్ణి కూడా ఏమీ అనడు. వంగి, ఆ చెప్పులనే నిలదీస్తాడు. ఒకసారి తానే కాలుజారి పడి, లేవకుండా వెల్లకిలా పడుకునే నేలను తిట్టాడు.

మోహనకు మాత్రం కోపమంతా మనుషుల మీదే. చిన్నప్పుడు అక్కడే చక్రాల మీద హాకీ నేర్చుకుని, ఇప్పుడు అక్కడే నేర్పుతోంది. ఒకప్పుడు చుట్టుపక్కల జిల్లాల జట్లన్నీ ఈ రింకుకు వచ్చి, ఆడి, ఓడి వెళ్లేవి. తర్వాత వ్యాయామ సంఘంలోకి వచ్చిన పెద్దలకు ఈ స్థలంలో ఆట తప్ప అన్నీ కనిపించాయి. పెళ్లి వంటలకు అద్దెకిచ్చారు. ఆ సాంబారు మరకలను దొరస్వామి వారం పాటు గీకాడు, సాంబారును తిడుతూ. ఉల్లిపాయల మూటలు వేయించారు. రేకులు కారుతున్నాయంటే ఒక్కడూ తలెత్తి చూడలేదు. ఇప్పుడేమో సంఘం కార్యదర్శి విజయ్ కుమార్, దీన్ని తవ్వేసి కొండకొచ్చే టూరిస్టు బస్సులకు పార్కింగు చేద్దామంటున్నాడు. ఒళ్లు మండదా మరి?

నేల పాడైపోయిందని ఇంజినీరు రాసిస్తే చాలు, తవ్వకం మొదలవుతుంది. దానికి విజయ్ కుమార్ సాక్ష్యం కూడా సిద్ధం చేసుకున్నాడు. దొరస్వామి తిట్లన్నీ ఫోనులో తీసి పెట్టుకున్నాడు.

"మీ కాపలావాడే చెప్తా ఉండాడు గదమ్మా, తవ్వి పారేయాలని" అని మోహనకు వినిపించి మరీ నవ్వాడు.

మోహన రుసరుసలాడుతూ దొరస్వామి దగ్గరికి వెళ్లింది. "మామా, రేపు ఇంజినీరొస్తాడు. ఆయన ముందర నేలను ఒక్క మాట అన్నావంటే రింకు పోతాది. నోరు మూసుకోని ఉండు" అంది. దొరస్వామి తల ఊపాడు. తన మీద తనకే నమ్మకం లేక, కర్ర కూడా ఆమెకే ఇచ్చేశాడు.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. ఆయన బూట్లు చూడగానే దొరస్వామి పెదవులు కదిలాయి. మోహన గుడ్లురిమింది. ఏమర్థమైందో ఏమో, ఇంజినీరు తానే బూట్లు విప్పి మేజోళ్లతో లోపలికి నడిచాడు. ఏళ్ల తరబడి చక్రాలు తిరిగి, దొరస్వామి తుడిచి తుడిచి నునుపెక్కిన నేల అది. నడిమధ్యకు వెళ్లేసరికి కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి, ఇంజినీరు చతికిలబడ్డాడు.

విజయ్ కుమార్ వెంట వచ్చినవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. విజయ్ కుమార్ ఫోను తీశాడు. ఇంజినీరు ముఖం కందిపోయింది. లేవడానికి కూడా సిగ్గుపడి అలాగే కూర్చుండిపోయాడు.

దొరస్వామి ఆ ముఖం చూశాడు. మోహన వద్దు వద్దని సైగ చేస్తూనే ఉంది. ఆయన వచ్చి ఆమె చేతిలోని కర్ర లాక్కున్నాడు.

"సిగ్గుండాదా మే నీకు? మన కాడికొచ్చిన పెద్దమనిషిని ఇట్లా పడేస్తావా?" అంటూ నేలను వాయించడం మొదలుపెట్టాడు.

అందరూ ఇంజినీరును వదిలేసి దొరస్వామిని చూసి పగలబడి నవ్వారు. ఫోను కూడా ఆయన వైపే తిరిగింది. ఆ సందులో ఇంజినీరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

మోహనకు తను చిన్నతనంలో ఫైనల్ ఆటలో గోలు ముందర బోర్లా పడిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా జనం నవ్వింది ఈయన్ని చూసే. పడినవాళ్ల మీది నవ్వునంతా ఇన్నేళ్లుగా ఈ మనిషి తన నెత్తిన వేసుకుంటున్నాడు. అది తెలిశాక కూడా ఆమెకు కోపం పోలేదు. రింకు పోతుందిగా!

"చూసినారు గదా సార్, నేల ఎంత పాడైందో. రాసేయండి" అన్నాడు విజయ్ కుమార్.

ఇంజినీరు వంగి నేలను అరచేత్తో తడిమాడు. "నేలకేం కాలేదు. అద్దంలా ఉంది. తప్పు నాదే" అన్నాడు.

మోహనకు ప్రాణం లేచొచ్చింది. దొరస్వామి మాత్రం ఒప్పుకోలేదు.

"అట్లనబాకండి సార్. పడినోళ్లది తప్పని ఈ రింకులో ఎవురూ అనకూడదు. తప్పంతా దీనిదే."

మోహన తల పట్టుకుంది. ఇంజినీరు కర్ర అడిగి తీసుకుని, నేల మీద మెల్లగా ఒక్కటి వేసి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆయన ఏం రాస్తాడో, రింకు ఉంటుందో, బస్సులొస్తాయో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం మోహన తాళంచెవులు మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి, దొరస్వామి మోకాళ్ల మీద కూర్చుని ఇంజినీరు పడిన చోటే తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"ఏమనుకోబాకు మే" అంటున్నాడు నేలతో. "నలుగుర్లో ఆ సారును ఎట్ల అనేది?"