మొదటి గింజ పెట్టే చెయ్యి

తొలకరి పడి నల్లరేగడి పదునవగానే ప్రమీలమ్మకు కబురొచ్చేది. రాజుపాలెం దగ్గరి వాళ్ల ఊళ్లో ఎవరు పత్తి వేసినా మొదటి గింజ ఆమే పెట్టాలి. ముత్తైదువ, పైగా చెయ్యి మంచిదని పేరు. ముప్పై ఏళ్లు అలా సాగింది.

మాఘంలో భర్త పోయాడు. ఈసారీ వాన పడింది. కబురు రాలేదు.

ఆమె ఎవరినీ అడగలేదు. పంచలో కూర్చుని వాన చూసింది.

మేనకోడలు జాహ్నవి నరసరావుపేటలో ఉంటుంది. మనిషి పోయి, పని పోయి ఇక ఎటు నడవాలో తెలియని వాళ్లతో ఫోన్లో మాట్లాడటం ఆమె ఉద్యోగం. లైఫ్ కోచ్ అంటారట.

"అత్తా, నీకేం కావాలో ఒక కాగితం మీద రాయి."

"నాకేం కావాలే? తిండి ఉంది. రెండెకరాలుంది."

"అది ఉన్నది. కావాల్సింది ఏంది?"

"మీ కోచింగులో మొగుణ్ణి తెచ్చిచ్చేది ఉందా ఏంది?"

జాహ్నవి నవ్వలేదు. "లేదత్తా. మామయ్యతో పాటు ఇంకేం పోయిందో అది చెప్పు."

ప్రమీలమ్మ ఫోన్ పెట్టేసింది. చాలాసేపటికి పాత క్యాలెండరు కాగితం చించి, వెనక రెండు మాటలు రాసింది. మొదటి గింజ.

మర్నాడు ఆమె చేలోనే విత్తనం. మరిది శివరామయ్య ముందే వచ్చాడు, టెంకాయతో, కోడలు అమూల్యతో. గింజల గిన్నె అమూల్య చేతిలో ఉంది.

"వదినా, నువ్వు గట్టు మీద కూర్చో. అమ్మాయి పెడతది."

"ఎవరి చేను ఇది?"

"నీదే, కాదన్నానా? పంట కోసమేగా చెప్పేది. నీ చెయ్యి మంచిదే, కానీ ఇప్పుడు..."

"నా చెయ్యి ఎప్పుడూ మంచిది కాదు."

విత్తనానికొచ్చిన కూలీలు తలలు తిప్పి చూశారు.

"నేను పెట్టినవి మొలవనివి చానా ఉన్నాయి. నీ చేలోనే మూడేళ్లు మొదటి గింజ మొలవలా. పదో రోజు, ఎవరూ లేవకముందే పోయి మళ్లీ పెట్టొచ్చేదాన్ని. అప్పుడు మీ అన్న ఉన్నాడు. నా నుదుట బొట్టుంది. మరెందుకు మొలవలా?"

శివరామయ్య టెంకాయ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

కూలీల మేస్త్రి కోటమ్మ పకపకా నవ్వింది. "ఓసినీ! ఇన్నేళ్లూ ఎంత నమ్మించావు పిన్నీ!"

"పేరు పోతదని చెప్పలా. ఇప్పుడు పోయిందిగా. ఇంక భయమేంది?" ప్రమీలమ్మ చెయ్యి చాచింది. "ఆ గిన్నె ఇటియ్యి అమ్మాయ్."

అమూల్య మామ వైపు చూడలేదు. ఇచ్చేసింది.

ప్రమీలమ్మ వంగింది. వేలితో గుంట చేసి, గింజ వేసి, మట్టి కప్పింది. శివరామయ్య టెంకాయ కొట్టలేదు. ఆమె రెండో గుంట చేసింది.

పదో రోజుకు సాళ్లు పచ్చగా తేలాయి. మొదటి గింజ మాత్రం మొలవలేదు.

ఈసారి ఆమె తెల్లవారకముందే పోలేదు. బడిపిల్లల ఆటోలు తిరిగే వేళ, గిన్నె చంకన పెట్టుకుని ఊరి నడిమధ్యగా నడిచింది. శివరామయ్య బండి ఆపాడు.

"మొలవలేదా వదినా?"

"మొలవలా. మళ్లీ పెడదామనే పోతున్నా."