సాబుతోని ఒక తీరు, సారుతోని ఒక తీరు

నందికొండ డ్యాం కట్ట పనిల నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను. మేముండేది గుట్ట మీద, డేరాల. నా భార్యకు నెలలు నిండుతున్నయి. పుట్టింటికి తోల్దామంటే ఆమెకు తల్లి లేదు. ఎండలకు డేరా లోపట పెనం తీరు కాలుతుంటే, నెత్తిన తడిగుడ్డ ఏసుకొని కూసునేది. అవతలి లైన్ల రాతిగోడల క్వార్టర్ ఒకటి తాళమేసి ఉండె. కాన్పు గా గోడల నడుమ కావాలె, గదే నా ఫికర్.

మా పెద్దాఫీసరు పాతకాలపు హైదరాబాద్ సాబు. ఆయన తాన నోరు తెరిచి అడిగితే పని చెడ్డట్టే. పొద్దుమీకి ఇంటికి పోవాలె, సలాం చేయాలె, పాన్‌దాన్ తెరిచి పాన్ చుట్టి ఇచ్చేదాక ఊకె కూసోవాలె. అప్పుడు మెల్లగ, "ఈసారి ఎండలు జర ఎక్కువున్నయి సాబ్" అనాలె. కొన్నొద్దులు గట్లనే పోంగ పోంగ, "డేరాల తక్లీఫ్ అయితున్నట్టుంది, చూద్దాం" అన్నడు. ఇగ తాళం చేతికొచ్చినట్టే అని మురిసిన. అంతల సాబుకు బదిలీ అయింది. నా నోట్ల మన్ను పడ్డది.

వచ్చినాయన కోస్తా దిక్కు ఇంజనీరు. పొద్దుమీకి ఇంటికి పోతే గుమ్మంలనే నిలవెట్టిండు. అలవాటు చొప్పున, "ఈసారి ఎండలు ఎక్కువున్నయి సార్" అన్న.

"ఎండాకాలంలో ఎండలు గాక మంచు కురుస్తుందటయ్యా? పని ఉంటే సైటు దగ్గర చెప్పు" అని తలుపేసుకున్నడు.

నాతోని పనిచేసే ఇంకో ఇన్‌స్పెక్టర్ నవ్విండు. "గీయన తాన సుట్టు తిప్పుడు నడువది. ముక్కుసూటిగ అడుగు" అన్నడు. సరే అని తెల్లారి కట్ట మీద, కాంట్రాక్టర్లు, మేస్త్రీలు అందరున్నకాడ, "సార్, నాకు క్వార్టర్ కావాలె" అన్న. ఆయన మొఖం ఎర్రగైంది.

"నాకే ఆర్డరేస్తున్నావా? అందరికీ కావాలయ్యా క్వార్టర్లు!"

ఓరి దేవుడా! తిప్పి చెప్తే తప్పు, సూటిగ చెప్తే తప్పు. ఇగ ఎట్ల మాట్లాడి సావాలె నేను? అటెన్క సార్ కనవడితే సాలు, మేస్త్రీల నడుమకు జారుకునేటోన్ని. సాబును తలుసుకొని సగం మాట, ఈయనను చూసి సగం మాట, రెండు కలిసి ఏదీ బయటికి రాకపోయేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం కబురొచ్చింది. నీళ్ల ట్యాంకర్ కాడ వరుసల నిలబడి మా ఆమె కండ్లు తిరిగి కూలవడ్డదట. పానం చేతుల పట్టుకొని ఉరికిన. డేరాల ఆమె లేదు. మా సామాను మనుషులు మోసుకపోతున్నరు. రాతిగోడల క్వార్టర్ తలుపు తెరిచి ఉన్నది, ముంగట సారు జీపు నిలబడ్డది. అటు దిక్కు పోతుంటే ఆమెను చూసి, ఎవరింటి మనిషని అడిగి, సారే జీపుల తెచ్చి లోపట పండవెట్టించిండట.

నన్ను చూడంగనే గయ్యిమన్నడు. "ఏమయ్యా, నెలలు నిండిన మనిషిని డేరాలో పెట్టుకుని నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

అప్పుడే రెండుసార్లు చెప్పిన గద సార్, అని నోటిదాక వచ్చింది. గని చెప్పింది ఎండల సంగతి, క్వార్టర్ సంగతి. ఇంటిదాని కడుపు సంగతి ఆఫీసర్ల ముంగట ఎత్తుడు మా దిక్కు సిగ్గుమాలిన పని. సాబు తాన ఎత్తలే, ఈయన తాన ఎత్తలే.

లోపట మంచం మీదికెల్లి ఆమె గొంతు వినవడ్డది.

"గన్నిసార్లు పోయినవు గదనయ్యా, నా ముచ్చటనే చెప్పలేదా?"