పెన్సిల్‌తో రాసిన శంఖం

నా చిన్నప్పుడు తెలుగు పేపరు మాకు ఓడలో వచ్చేది. ఓడ ఆలస్యమైతే ఎన్నో రోజుల వార్తలు ఒకే కట్టలో దిగేవి. ఆ కట్ట మా దీవిలోని హోప్ టౌన్‌లో ఫెర్రీ జెట్టీకి వెళ్ళే దారిలో ఉన్న చిన్న రీడింగ్ రూముకు చేరేది. నేను చదివింది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు మాత్రం ఆ రేకుల కప్పు కింద, పాత వార్తల మీద వేలు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. గళ్ళనుడికట్టు విప్పడం మాత్రం పక్కింటి అక్క నేర్పింది.

ఆదివారం పేపరులో వచ్చే ఆ గళ్ళకు ఆధారాలు తిన్నగా ఉండవు. ఒకటి అడిగినట్టే అడిగి, జవాబును ఇంకెక్కడో దాచిపెడతాయి. అక్క ఒక గ్లాసు టీ తాగేలోగా అన్నీ మనసులోనే నింపేసేది. తర్వాతి వారం పేపరులో జవాబులు చూశాక, ఇంటికి నడుస్తూ ఒక్కో ఆధారానికీ తీర్పు చెప్పేది. ఇది చక్కగా కుదిరింది, ఇది బలవంతంగా అతికించాడు అని. "దారి తప్పించొచ్చు గానీ అబద్ధం ఆడకూడదే" అనేది. అదే ఆమె కొలత.

ఒకరోజు రీడింగ్ రూము చూసుకునే భయ్యా, వచ్చే నెల నుంచి తెలుగు పేపరు ఆపేస్తున్నారని చెప్పాడు. "ఎవరు చదువుతున్నారు దీదీ? మీరిద్దరే కదా. మిగతావాళ్ళు మడత కూడా విప్పరు. ఇద్దరి కోసం అంటే కమిటీ మానేగీ నహీ, ఒప్పుకోదు" అన్నాడు. ఆయన అన్నది నిజమే. మన తెలుగువాళ్ళంతా ఫెర్రీ కోసం బయట బల్లల మీద కూర్చుని కబుర్లాడుకునేవారే తప్ప లోపలికి అడుగుపెట్టేవారు కాదు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ పేపరు లేకపోతే ఆ ఊళ్ళో నేను చదువుకోవడానికి తెలుగు ముక్క ఇంకొకటి లేదు.

అక్క కొత్త కట్టలోంచి ఆదివారం పేపరు తీసి గళ్ళ పేజీ తెరిచింది. "సముద్రంలో దాగిన గుర్తు" అని ఒక ఆధారం, రెండు గళ్ళు. చాలాసేపు చూశాను. ఉన్నట్టుండి తట్టింది. వెతకాల్సింది నీళ్ళలో కాదు, ఆ మాటలోనే. సముద్రం అన్న మాటలోనే ముద్ర ఉంది! నా అంతట నేను విప్పిన మొదటి ఆధారం అది. చెవిలో చెబితే అక్క నా వీపు తట్టింది. తట్టి, పెన్సిల్ తీసుకుని ఆ రెండు గళ్ళలో 'శంఖం' అని రాసింది.

నేను నోరు తెరిచేలోగా పేపరూ పెన్సిలూ బయటికి తీసుకెళ్ళి, బల్ల మీద వలల కొట్టు మామ పక్కన, గళ్ళు కనిపించేలా పెట్టింది. మామ ఓరకంట చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు.

"ఏటిది, శంఖమా? శంఖం గుర్తెలాగవుద్ది? ఎవలు రాసేరిది?"

"నానే మామా. తప్పా?" అంది అక్క.

"తప్పా అని అడుగుతావేటి! కాలేజీలో చదివినావు, దిమాగ్ అక్కడే వదిలీసి వచ్చినావా?"

అందరూ నవ్వారు. పక్కనున్న మేస్త్రీ మాత్రం శంఖమే రైటన్నాడు. "సముద్రంలో ఇంకేటి దాక్కుంటాది, నీ బుర్రా?" అని మామనే ఎదురడిగాడు. వాదన ముదిరింది. అక్క తలొంచుకుని కూర్చుంది. ఆమెను తెలివితక్కువదనుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. జవాబు గొంతు దాకా వచ్చింది. చెప్పబోతుంటే అక్క తన కాలితో నా కాలు నొక్కింది.

ఫెర్రీ వచ్చి, కూత వేసి, వెళ్ళిపోయింది. మామ కదల్లేదు. పెన్సిల్ వెనక రబ్బరుతో శంఖాన్ని చెరిపేసి, ఆధారాన్ని ఒక్కో అక్షరమే పెదాలతో పలుకుతూ చటుక్కున ఆగాడు. "అరే! ముద్ర! అందులోనే కూకుంది కదరా!" అని బల్ల చరిచాడు. ఆ తర్వాత అక్కకు ఓపిగ్గా విడమరచి చెప్పాడు. ఆమె కొత్తగా వింటున్నట్టే తలూపింది.

ఇంటికి నడుస్తూ అలిగి అడిగాను. అబద్ధం ఆడకూడదన్నావు, మరి తప్పని తెలిసీ ఎందుకు రాశావని. "పెన్సిల్‌తో కదే రాశాను, చెరుపుకోడానికి" అని నవ్వింది. కొంచెం దూరం నడిచాక, "నీ జవాబు నీ దగ్గరే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు" అంది.

తర్వాతి కట్ట దిగాక, జవాబులు సరిచూసుకోవడానికి మామ రీడింగ్ రూము లోపలికి వచ్చాడు. ఆయన వెనక మేస్త్రీ, అతనితో ఇంకెవరో. వచ్చినవాళ్ళు మిగతా పేజీలు కూడా తిరగేశారు. నెల తిరిగేసరికి భయ్యా నలిగి చిరిగిన పేపరు ఎత్తి చూపిస్తూ, "ఇలా చింపేస్తుంటే బంద్ కైసే కరూ దీదీ?" అని నవ్వాడు. పేపరు ఆగలేదు.

పెద్దయ్యాక లైబ్రరీల్లో తెలుగు చాలా చదివాను. తెలిసింది గభాలున చెప్పేయడం నా బలహీనత, దాన్ని ఆపుకోవడం ఇప్పటికీ కష్టమే. నా మనవరాలు తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ కూడబలుక్కుని చదువుతుంది. మొన్న గళ్ళ ముందు కూర్చుని, జవాబు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. నా నాలుక ఊరుకోనంటోంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు వంచుతూ నిలబడ్డాను. కాసేపటికి "నానమ్మా, దొరికింది!" అని కేక వినిపించింది.

చేతులు తుడుచుకుంటూ వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. "ఏటో చెప్పవే, నాకైతే తట్టలేదు" అన్నాను.