చల్లబడిన మీటరు

టెస్టింగ్ గదిలో అందరూ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన పొద్దున్న రాగానే, సంచీ అయినా దించకుండా, పాత మీటరు ఆన్ చేసి దాని మీద చెయ్యి వేస్తాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. అది వేడెక్కడానికి పది నిమిషాలు కావాలనీ, తొలి రీడింగు నమ్మకూడదనీ ఆయనకే తెలుసు. పద్దెనిమిదేళ్లుగా సర్క్యూట్ బోర్డులను పరీక్షించే ప్రోగ్రాములన్నీ ఆ ఒక్క మీటరుతోనే నడిచేలా రాశాడు. అది మొరాయిస్తే పనంతా ఆగేది, మేనేజరు ఆయన దగ్గరికే పరుగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయి, ఏ కంపెనీ మీటరు తగిలించినా నడిచే ప్రోగ్రాం రాసింది. ఆమెను ఎవరు మెచ్చుకున్నా బాబాయ్ కళ్లల్లో నిప్పులు పోసుకుంటాడు. పైకి మాత్రం కళ్లజోడు తీసి, తుడిచిన అద్దాలే మళ్లీ తుడుస్తాడు. "మూడు నెలల పిల్ల, ముప్పై మీటర్లను ఏలుతుందట!"

నిన్న ఆమె టీకి వెళ్లగానే పాత మీటరు ఊడదీసి, బీరువాలోని వేరే కంపెనీ మీటరు తగిలించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. ఆమె వచ్చి బటన్ నొక్కింది. ప్రోగ్రాం కొత్త మీటరును పేరడిగి తెలుసుకుని, తన పని తాను చేసుకుపోయింది. నలభై బోర్డులయ్యాక గానీ ఆమె అటు చూడలేదు.

"మీరే మార్చారా బాబాయ్? ఈ పరీక్ష ఎవరు చేసిపెడతారా అని వారం నుంచి చూస్తున్నా!"

సాయంత్రం తన ప్రోగ్రాం పరీక్ష రిపోర్టులో 'పరీక్షించినవారు' అన్నచోట ఆయన పేరు రాసి సంతకానికి తెచ్చింది. బాబాయ్ అద్దాలు తుడిచి తుడిచి, చివరికి సంతకం పెట్టాడు. ఎడమచెయ్యి మాత్రం బల్ల మీది పాత మీటరు మీదే ఉంది. అది ఎప్పుడో చల్లబడిపోయింది.