పెద్దమ్మకు ఓటేసినవాళ్ళు

మొన్న మా ఊళ్ళో మురుగుకాలవ తవ్వుతుంటే మార్టూరు గ్రానైటు రాయి మీద చెక్కిన శిలాఫలకం ఒకటి మట్టిలోంచి బయటపడింది. మునిసిపల్ చైర్‌పర్సన్ అన్న అక్షరాల పైన పెద్దమ్మ పేరు. తవ్వుతున్నవాళ్ళు దాన్ని పక్కకు దొర్లించి టీ గ్లాసులు పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

చైర్మన్ పదవి ఆడవాళ్ళకు రిజర్వయిన ఏడాది, తను నిలబడే వీల్లేక పెదనాన్న పెద్దమ్మను నిలబెట్టాడు. అంతవరకూ ఆవిడ పాలించింది రెండు గేదెల్నీ, ఒక పెదనాన్ననీ. అయినా గొంతు పోయేదాకా తిరిగి, పద్నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. "మీ పెదనాన్న మొహం చూసి కాదే, నన్ను చూసే వేశారు" అని నా చెవిలో చెప్పుకుని మురిసిపోయింది. ఆ మాట నిజం కావాలని ఆవిడకెంత ఆశో అప్పుడు నాకు తెలియలేదు.

గెలిచినవాళ్ళు వీధుల్లో తిరిగి దణ్ణం పెట్టి రావడం మా వైపు మర్యాద. జీపులోంచి చేతులు జోడిస్తే చాలు. పెద్దమ్మ అలా కాదు, ఓటేసిన ఒక్కరినీ వదలకూడదనుకుంది. పోలింగ్ రోజు మా ఏజెంట్లు మావైపు ఓటేసినవాళ్ళ పేర్ల పక్కన టిక్కులు పెట్టుకున్న జాబితా పెదనాన్న సంచిలో దొరికితే తీసుకుని, చదవడానికి నన్ను వెంటబెట్టుకుంది. నాకప్పుడు మనుషులతో మాట్లాడటం రాదు గాని, కాగితం చూసి చదవడం వచ్చు.

మిరపకాయలు ఎండబోసిన కాలం. వీధంతా ఎరుపు, ఘాటు, తుమ్ములు. మూడో ఇంటి ముందు ఒక పేరు చదివాను. గుమ్మంలో తొడిమలు తీస్తున్న ముసలమ్మ చేతులు ఆగిపోయాయి.

"మా ఆయనా?"

"ఆయనే మామ్మగారూ. మాకు ఓటేశారు, దణ్ణం పెట్టి పోదామని" అంది పెద్దమ్మ.

"ఆయన పోయి మూడేళ్ళయింది గదమ్మా." ఆ గొంతులో కోపం లేదు. మళ్ళీ తనే అడిగింది: "నువ్వు చూశావా? ఏ చొక్కా ఏసుకొచ్చాడు?"

నాలుగిళ్ళ తర్వాత ఇంకొకాయన. పక్క వీధిలో ఇద్దరు. నేను పేరు చదవడం, లోపలి గోడ మీద దండ వేసిన ఫొటో మావైపు చూడటం. పోయినవాళ్ళలో పదిహేనో పేరు దగ్గర పెద్దమ్మ జాబితా మడిచేసింది. ఇంటికొచ్చి, ఈ పదవి నాకొద్దంది.

"గెలిచావు గదే, ఎవరేస్తే ఏంటి? ఇప్పుడు వద్దంటే నలుగుర్లో నా తల తీసేసినట్టే" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ జాబితాను మళ్ళీ ఆయన సంచిలో పెట్టేసింది. "సరేనండీ. గెలిపించినవాళ్ళ పనే చేస్తాను" అంది.

మొదటి సమావేశంలోనే శ్మశానానికి బోరు, కుళాయి, దీపాలు అని తీర్మానం పెట్టింది. ఒక కౌన్సిలరు లేచి, "బతికున్నోళ్ళకి బిందెడు నీళ్ళు లేవు, సచ్చినోళ్ళకి కుళాయా అమ్మా?" అన్నాడు. "ముందు ఓటేసినవాళ్ళకండీ" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు, వెనక బెంచీ మీద కూర్చున్న పెదనాన్న తప్ప.

ఆ వేసవి ఊళ్ళో కుళాయిలన్నీ ఎండిపోయాయి. శ్మశానం కుళాయి ఒక్కటే ఆగకుండా పారింది. ఆడవాళ్ళు బిందెలతో ఆ గేటు ముందు వరస కట్టేవాళ్ళు, లోపలికి చూడకుండా. పెద్దమ్మ కూడా అందరితోపాటే నిలబడేది. ఐదేళ్ళు గడిచాక మళ్ళీ పోటీ చేయలేదు. ఆ వరసలోని వాళ్ళు కొందరు ఇప్పుడు గేటు లోపలే ఉన్నారు, పెద్దమ్మతో సహా. మనుషుల ఎన్నికలు పద్నాలుగు ఓట్లకే తలకిందులవుతాయి గాని, కాలం మాత్రం అందరినీ ఏకగ్రీవంగానే ఎన్నుకుంటుంది.